మిర్చి లాట్లలో గరిష్ఠ ధర అడిగితే కనిష్ఠ ధర వస్తోంది (జావాస్క్రిప్ట్)

కొత్తబ్రాంచి:
గుంటూరు యార్డు నమూనా డేటాతో చిన్న పేజీ కడుతున్నాను. ప్రతి ఆబ్జెక్టులో లాట్ నంబరు, రకం, క్వింటా ధర ఉన్నాయి. నాలుగు లాట్ల ధరలు వరసగా: "14500", "9800", "16200", "11000".

లాట్లు.రెడ్యూస్((అ, ఇ) => అ.ధర > ఇ.ధర ? అ : ఇ)

రెడ్యూస్ జాబితాను వరసగా పోల్చుకుంటూ చివరికి ఒక్కటే మిగులుస్తుంది కదా, దీనికి 9800 లాట్ వస్తోంది. గుర్తు తిప్పి కనిష్ఠం అడిగితే 11000. మ్యాప్‌తో ధరలు తీసి మ్యాథ్.మ్యాక్స్‌కి స్ప్రెడ్ చేస్తే (అర్రేని విడివిడి విలువలుగా పరిచి ఇస్తే) 16200 సరిగ్గానే వస్తోంది, కానీ నాకు అంకె కాదు, మొత్తం ఆబ్జెక్టు కావాలి. పైగా పూర్తి జాబితా మీద ఆ మ్యాథ్.మ్యాక్స్ లైను "నాన్" (నంబరు కాదు) అంటోంది.

సెమీకోలన్:
మీ ధరలు కొటేషన్లలో ఉన్నాయి చూడండి, అవి స్ట్రింగులు, అంటే అంకెలు కాదు, అక్షరాల వరసలు. రెండు స్ట్రింగులను > తో పోలిస్తే నిఘంటువు వరసే: మొదటి అక్షరం "9", "1" కంటే పెద్దది కాబట్టి 9800 గెలిచింది. మ్యాథ్.మ్యాక్స్ మాత్రం ముందు నంబరుగా మార్చుకుంటుంది, అందుకే అక్కడ బయటపడలేదు. పోలిక దగ్గర రెండు వైపులా నంబర్( ) పెట్టండి, నాలుగు లాట్లకీ సరిపోతుంది.

కొత్తబ్రాంచి:
థాంక్సండీ, నాలుగింటికీ వచ్చింది. పూర్తి జాబితాలో మాత్రం 16200 లాట్ ఉన్నా అంతకన్నా తక్కువ ధరది చూపిస్తోంది.

రాత్రిషిఫ్ట్:
జాబితాలో ఎక్కడో "16,200" అని కామాతోనో, "-" అనో ఉంటుంది. నంబర్( ) దాన్ని నాన్ చేస్తుంది. నాన్‌తో ఏ పోలికైనా ఫాల్సే, మీ లైనులో ఫాల్స్ అంటే "ఇ" తీసుకో అని. 16200, నాన్, 9800 అనే వరస తీసుకోండి: నాన్ రాగానే 16200 పోయింది, ఆ తర్వాత 9800 వచ్చి నాన్‌ని తోసేసింది. అంటే చివరి నాన్ తర్వాత వచ్చిన లాట్లలోనే గరిష్ఠం దొరుకుతోంది. ఎర్రర్ ఏమీ రాదు, అదే దీనితో గొడవ.

కామాల కోసం పార్స్‌ఫ్లోట్ వైపు మాత్రం వెళ్లకండి, "16,200"ని 16 చేస్తుంది. రిప్లేస్ కూడా మొదటి కామానే తీస్తుంది. మొత్తం విలువ "1,45,000" లాంటిదైతే రెండోది మిగిలిపోయి మళ్ళీ నాన్. రిప్లేస్ఆల్ వాడండి. ఇక ఖాళీ స్ట్రింగ్, నల్ (విలువ లేదనే గుర్తు) రెండూ నంబర్( )లో 0 అవుతాయి, కనిష్ఠ ధర సున్నా అని చూపిస్తుంది. వాటిని మార్చకముందే వదిలేయాలి.

సెమీకోలన్:
అవును, శుభ్రం చేయడం పోలికలో కలపొద్దు. ముందే ఖాళీలు, నల్‌లు వదిలేసి, ఒకసారి మ్యాప్‌లో ధరను నంబరు చేసి, నంబర్.ఈజ్‌ఫైనైట్ కాని వాటిని (నాన్ లాంటివి) ఫిల్టర్ చేసేయండి. ఆ తర్వాత ఒకే ఫర్ లూపులో కనిష్ఠం, గరిష్ఠం రెండూ పట్టుకోవచ్చు: రెండు వేరియబుల్సూ నల్‌తో మొదలు, నల్ అయితే లేదా ధర దాటితే మార్చు. రెడ్యూస్ రెండుసార్లు రాయడం కన్నా ఇదే చదవడానికి తేలిక. ఫిల్టర్ తర్వాత ఏమీ మిగలకపోయినా నల్ వస్తుంది. మొదటి విలువ ఇవ్వని రెడ్యూస్ అయితే ఖాళీ అర్రే మీద టైప్ఎర్రర్ విసురుతుంది, మ్యాథ్.మ్యాక్స్ మైనస్ ఇన్ఫినిటీ ఇస్తుంది.

రాత్రిషిఫ్ట్:
ఒకే ధర రెండు లాట్లకి ఉంటే: మీ పాత లైను చివరిదాన్ని ఇస్తుంది, >= పెడితే మొదటిదాన్ని. లూపులో > పెడితే మొదటిదే నిలుస్తుంది. సార్ట్ చేసి మొదటిది, చివరిది తీసుకోమని ఎవరైనా చెప్తారు. సార్ట్ అసలు అర్రే వరసనే మార్చేస్తుంది, పేజీలో పట్టిక వరస మారిపోతుంది. స్ప్రెడ్ కూడా పెద్ద అర్రేలకి వద్దు, ఆర్గ్యుమెంట్ల పరిమితి దాటితే రేంజ్ఎర్రర్. ఆ పరిమితి ఇంజిన్‌ని బట్టి మారుతుంది.

కొత్తబ్రాంచి:
దొరికింది. ధర దగ్గర "-" ఉన్న లాట్లు మూడు, ఖాళీవి రెండు. ఫిల్టర్ పెట్టాక 16200 లాట్ వచ్చింది.