తాతగారి ట్రంకుపెట్టెలో పుస్తకాలు నెట్‌లో పెట్టాలంటే ఎక్కడ మొదలెట్టాలి?

గంటస్తంభం_కుర్రాడు:
అందరికీ నమస్కారం. మాది విజయనగరం. మొన్న ఇంటికి సున్నాలు వేయిస్తూ అటక మీంచి రెండు ట్రంకుపెట్టెలు దింపితే నిండా మా తాతగారి పుస్తకాలే, లెక్కపెడితే 180 పైచిలుకు. వేపాకు వేసి దాచారు గానీ అడుగున ఉన్నవాటిని చెదలు తినేశాయి. నేనూ మా బావా కలిసి, కాపీరైట్ తీరిపోయినవి స్కాన్ చేసి మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల రచయితలతో చిన్న డిజిటల్ లైబ్రరీ పెడదామనుకున్నాం. ఉత్సాహం కొద్దీ 40 పుస్తకాలు ఫోన్‌తో ఫొటోలు తీసేశాం కూడా, ఇప్పుడు టెన్షన్ పట్టుకుంది. ఏది పెట్టొచ్చు, ఏది కూడదు? బావేమో "పాతదైతే చాలు, ఎవడడుగుతాడు" అంటాడు. పెట్టెల్లో గురజాడ, గిడుగు, ఆదిభట్ల నారాయణదాసు ఉన్నారు, చాసో (చాగంటి సోమయాజులు) కథలూ ఉన్నాయి. ఇంకో సంగతి, వీటిలో చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ లైబ్రరీలో ఇప్పటికే ఉన్నాయి కదా, మళ్లీ మేం చేసి ఏం లాభం? ఒక యాప్‌తో ఫొటోలోంచి అక్షరాలు తీయిస్తే "మామ" అన్నచోటల్లా "యాయ" అని వచ్చింది, నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

నాగావళి_ఒడ్డు:
ముందు మీ బావగారి మాట పక్కన పెట్టండి. చూడాల్సింది పుస్తకం ఎంత పాతదన్నది కాదు, రాసినాయన ఎప్పుడు పోయారన్నది. మన దేశంలో రచయిత పోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. 50 ఏళ్లే ఉండేది, ఠాగూర్ రచనల గడువు తీరే వేళకి, 1992లో 60 చేశారు. గురజాడ 1915లో పోయారు కాబట్టి ఆయన ఉండగా అచ్చయినవాటికి ఏ బెంగా లేదు. గిడుగు 1940లో పోయారు, పాత 50 ఏళ్ల లెక్కలోనే 1991 జనవరి నుంచి ఆయనవి అందరివీ. తమాషా ఏమిటంటే నారాయణదాసు గారు పోయింది 1945 జనవరి 2న, ఆ రెండు రోజులకి లెక్కలో ఏడాది పెరిగి 2006 జనవరి అయింది. చాసో గారిదీ అదే తంతు, పోయింది 1994 జనవరి 1న, అంటే 2054 ఆఖరుదాకా ఆయన కథల జోలికి వెళ్లకండి.

చాలామంది పప్పులో కాలేసేది ఇంకోచోట. గురజాడ డైరీలు, ఉత్తరాలు ఆయన పోయిన చాలా ఏళ్లకి గానీ అచ్చు కాలేదు. అలాంటివాటికి మొదటిసారి అచ్చయిన ఏడాదిని బట్టి 60 లెక్కపెట్టాలి. అనువాదమైతే అనువాదకుడి సంగతి విడిగా చూసుకోవాలి. పాత పుస్తకాన్నే 1980ల్లో ఎవరో పీఠికా పాదసూచికలూ చేర్చి మళ్లీ వేశారనుకోండి, మూలం అందరిదీ, పీఠికా పాదసూచికలూ వాళ్లవి. అవీ కొత్త అట్టబొమ్మా తీసేసి మిగతాది పెట్టుకోవచ్చు.

పాతపుస్తకాల_పురుగు:
బాబూ, నేను బొబ్బిలిలో రిటైరైన మాస్టార్ని. ఆర్కైవ్‌లో ఉన్నాయి నిజమే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్లు చేసినవి బోలెడు అక్కడికి చేరాయి. కానీ తెరిచి చూశారా? ఒకదాంట్లో రెండు పేజీలు ఎగిరిపోయి ఉంటాయి, ఒకదాంట్లో పేజీ నొక్కిపెట్టినవాళ్ల బొటనవేలు ఉంటుంది. పేర్లేమో ఇంగ్లీషు అక్షరాల్లో చిత్రవిచిత్రంగా కొట్టారు, తెలుగులో వెతికితే దొరికి చావవు. నన్నడిగితే 180 పోగేసే బదులు 20 పెట్టండి, ఆ 20లో పేజీ పోకూడదు, పేరు తెలుగులో ఉండాలి, ఏ అచ్చుని స్కాన్ చేశారో మొదటే చెప్పాలి.

ఏ అచ్చు అని ఎందుకంటున్నానంటే, కన్యాశుల్కమే తీసుకోండి. 1892లో మీ ఊళ్లోనే ఆడారు, 1897లో అచ్చయింది, మళ్లీ 1909లో గురజాడే బాగా పెంచి, తిరగరాసి వేశారు. మనందరం చదివింది ఆ రెండోదే. ఏడాది వేయకుండా "కన్యాశుల్కం" అని పెట్టేస్తే చదివేవాడికి తన చేతిలో ఉన్నదేదో తెలియదు.

ఆ 40 పుస్తకాలు మళ్లీ తీయాల్సిందే, ఏమీ అనుకోకండి. పాత కాగితం అప్పడంలా విరుగుతుంది, వెన్ను విరిచి పరచకండి. సగమే తెరిచి, దిండు ఆసరా పెట్టి, ముందు కుడిచేతి పేజీలన్నీ, తర్వాత ఎడమవన్నీ తీయండి. ఫ్లాష్ వద్దు, కిటికీ పక్క వెలుతురు చాలు.

వంశధార_అమ్మాయి:
నేను తెలుగు వికీసోర్స్‌లో, అంటే ఎవరైనా చేయి వేయగల ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో, అప్పుడప్పుడూ అచ్చుదిద్దుతుంటాను. అక్కడ పక్కపక్కనే పేజీ ఫొటో, టైపు చేసింది ఉంటాయి, ఒకరు దిద్దితే పసుపు రంగు, ఇంకొకరు సరిచూస్తే ఆకుపచ్చ. మీ సొంత సైటైనా ఈ రెండు కళ్ల పద్ధతి పెట్టుకోండి అన్నా. "యాయ" కంటికి కనబడుతుంది కాబట్టి పట్టేశారు. కనబడనివి అసలు దొంగలు. సున్నా ఉండాల్సిన చోట తెలుగు అంకె సున్నా వచ్చి కూర్చుంటుంది, చూడ్డానికి రెండూ ఒకటే, వెతికితే మాత్రం ఆ మాట దొరకదు. అరసున్నలు సగం మాయమవుతాయి. బండి ఱ మామూలు ర అయిపోతుంది.

ఇంకో మాట, ఇది కొంచెం కోపంగానే చెప్తున్నా. మా గ్రూపులో ఒకాయన పాత్రల నోట ఉన్న మన వైపు మాటలన్నీ తప్పులనుకుని "శుద్ధి" చేసుకుంటూ 30 పేజీలు పోయారు. వాడుక భాష కోసం గిడుగు అంత పోరాడిన గడ్డ మీద కూర్చుని! అవన్నీ వెనక్కి తిప్పడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. రచయిత ఎలా రాస్తే అలాగే ఉంచండి, నిజంగా అచ్చుతప్పని తెలిస్తే కింద చిన్న గమనిక వేయండి.

గంటస్తంభం_కుర్రాడు:
అందరికీ చాలా థాంక్స్. చాసోని మళ్లీ పెట్టెలో పెట్టేశాం, చదవడానికి మాత్రం బావ పట్టుకుపోయాడు. ఒక పుస్తకానికి ముందు పేజీలు లేవు. ఎవరు రాశారో, ఎప్పటిదో తెలీదు. వెనక అట్ట మీద "వెల 12 అణాలు" అని ఒక్కటే ఉంది. దీన్నేం చేయాలి?

నాగావళి_ఒడ్డు:
అణాలంటే చాలావరకు 1957కి ముందుదే, నయాపైసలు ఆ ఏడాది ఏప్రిల్లో వచ్చాయి. అసలు పేరు లేకుండా వేసిన పుస్తకమైతే అచ్చయిన ఏడాది నుంచే 60 లెక్క. కానీ మీది పేరు లేని పుస్తకం కాదు, పేరు చిరిగిన పుస్తకం. లోపలి పేజీల ఫొటోలు రెండు పెట్టండి, లేదా ఓసారి శ్రీకాకుళం వచ్చి, తెలుగు కథల లైబ్రరీ కథానిలయంలో చూపించండి. కథల పుస్తకమైతే అక్కడ జోడీ దొరకొచ్చు. అందాకా పెట్టకండి.