రాజమహేంద్రవరంలో ఒంటరి ప్రయాణికురాలికి తక్కువ ఖర్చులో బస ఎక్కడ?

నమస్కారం. వచ్చే కార్తీకమాసంలో నాలుగు రోజులు రాజమహేంద్రవరంలో ఒంటరిగా బస చేసి, 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్టకు బదులుగా కట్టిన ధవళేశ్వరం బ్యారేజీని, ద్రాక్షారామ భీమేశ్వరాలయాన్ని, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేదిని ఆర్టీసీ బస్సుల్లోనే తిరిగి చూడాలని నా కోరిక. కిందటిసారి ఒక లాడ్జివారు, ఆధార్ కార్డు చూపించినా, ఒంటరి ఆడవారికి గది ఇవ్వబోమని పంపించివేశారు. సంచి ఒళ్ళో పెట్టుకుని, తడి మెట్ల పక్కన, తెల్లవారేవరకు పుష్కర ఘాట్‌లో కూర్చున్నాను. ఆ రాత్రిని ఇప్పటికీ మరచిపోలేకపోతున్నాను.

రోజుకు 800 రూపాయలు మించకుండా, నిశ్చింతగా ఉండగలిగే సత్రం గానీ లాడ్జి గానీ తెలిసినవారు దయచేసి చెప్పగలరా? అలాగే, రాజోలు మీదుగా అంతర్వేది వెళ్ళి, తిరుగుదారిలో సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం చేరితే, చీకటి పడకముందే రాజమహేంద్రవరం రావడం వీలవుతుందా?