కెమెరా నుంచి ఫోటోలు ఎక్కించుకోవడానికి కేబుల్ మంచిదా, కార్డు రీడర్ మంచిదా?

గోదావరి_గట్టు:

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 2014లో కొన్న డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరాను ఈమధ్య నేను మళ్ళీ బయటికి తీశాను. మా చెల్లెలి సీమంతానికి తీసిన ఆరువందల పైచిలుకు ఫోటోలు అందులోని 32 జి.బి. ఎస్.డి. కార్డులో ఉన్నాయి. కెమెరాతో వచ్చిన కేబుల్‌ను మినీ యూ.ఎస్.బి. పోర్టులో పెడితే కంప్యూటర్ ఒకసారి గుర్తిస్తోంది, కాస్త కదిలితే వదిలేస్తోంది. ప్లగ్గును వేలితో ఒక పక్కకు అదిమి పట్టుకుంటేనే పని సాగుతోంది. పోనీ కార్డు తీసి రీడర్‌లో పెడదామంటే, మాటిమాటికీ కార్డు పీకితే స్లాట్ పాడవుతుందని నాన్నగారు ఒప్పుకోవడం లేదు. ఈ రెండింటిలో కెమెరాకు ఏది తక్కువ హాని చేస్తుంది? ఊళ్ళో ప్రింట్లు వేసే దుకాణంలో కార్డు ఇచ్చి రావచ్చా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

కోఠి_టంకం:

ముందు ఆ వేలితో అదిమి పట్టుకోవడం మానేయండి. కెమెరాలు బాగుచేయడమే నా వృత్తి కనుక లోపల ఏం జరుగుతుందో చెబుతాను. మినీ పోర్టు లోపలి ఐదు సన్నని కాళ్ళూ, దాని చుట్టూ ఉన్న రేకూ బోర్డుకు టంకంతోనే అతుక్కుని ఉంటాయి. మీరు పక్కకు అదిమిన ప్రతిసారీ ఆ టంకంలోని సన్నని పగులు ఇంకొంచెం విచ్చుకుంటుంది. కొన్నాళ్ళకు బోర్డు మీది రాగి పొర కూడా పోర్టుతో పాటే లేచి వస్తుంది. పగులు దగ్గరే ఆగితే మళ్ళీ టంకం వేస్తే సరిపోతుంది కానీ, రాగి లేచాక వెంట్రుకంత తీగతో అతుకు వేయాలి, అప్పుడు ఖర్చూ ఎక్కువే, నమ్మకమూ తక్కువే.

మినీ పోర్టును 5,000 సార్లు పెట్టి తీసినా తట్టుకోవాలన్న లెక్కతో తయారుచేస్తారు. పెట్టడం, తీయడం వల్ల అరిగిపోయిన పోర్టు నా దగ్గరికి వచ్చింది చాలా తక్కువ. వచ్చేవన్నీ కేబుల్ కాలికి తగిలినవే. ఒకాయన కెమెరాను మంచం మీద, ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి మధ్యలో కేబుల్‌ను వేలాడదీశారు, ఇంట్లో చిన్నపిల్లాడు పరుగెత్తాడు. ఆయన పోర్టును కేబుల్ చివరనే ఉంచి నాకు తెచ్చి ఇచ్చారు.

అయితే మీది టంకం దోషమే అని ఇక్కడినుంచి నేను అనలేను. ముందు ఇంకొక కేబుల్ పెట్టి చూడండి. టార్చి వేసి పోర్టులో నూగు చేరిందేమో చూడండి. ఉంటే రబ్బరు బుడ్డి బ్లోయర్‌తో ఊదాలి తప్ప గుండుసూదితో కెలకకూడదు, నోటితో ఊదకూడదు.

ఇక నాన్నగారి భయం ఉత్తది కాదు, కానీ అది వేరే కార్డుకు సంబంధించినది. పాత సి.ఎఫ్. (కాంపాక్ట్ ఫ్లాష్) కార్డులకు కెమెరా లోపల 50 సూదులు ఉండేవి. కార్డు ఏ మాత్రం వంకరగా వెళ్ళినా ఒక సూది వంగేది, దాంతో స్లాట్ మొత్తం మార్చవలసి వచ్చేది. ఎస్.డి. కార్డుకు ఆ సూదులు లేవు, చదునైన లోహపు పట్టీలు మాత్రమే ఉంటాయి. కార్డును లోపలికి ఒకసారి నొక్కితే స్ప్రింగు దానంతట అదే పైకి తోస్తుంది. అది పైకి రాకముందే గోటితో లాగనంత వరకు స్లాట్‌కు ఏమీ కాదు. కాబట్టి నా ఓటు రీడర్‌కే.

పెళ్ళిపందిరి:

నేనూ రీడర్ పక్షమే, కానీ కార్డు తీసే పద్ధతి ముఖ్యం. వరుసగా పది ఫోటోలు తీసిన తర్వాత కెమెరా వాటిని కార్డులో రాస్తూనే ఉంటుంది. వెనుక చిన్న దీపం వెలుగుతున్నంత సేపూ మూత తెరవకండి. దీపం ఆరాక స్విచ్ ఆపి, అప్పుడు తీయండి.

కంప్యూటర్‌లో కట్ చేయకండి, కాపీ మాత్రమే చేయండి. కాపీ కార్డును చదువుతుందే తప్ప దాని మీద ఏమీ రాయదు కాబట్టి మధ్యలో కరెంటు పోయినా కార్డులోని ఫోటోలకు ఇబ్బంది ఉండదు. కట్ చేస్తే ఒకపక్క ఎక్కిస్తూ ఇంకోపక్క చెరుపుతుంది. ఆ సమయంలో రీడర్ కదిలితే రెండు చోట్లా లేని ఫోటోలు తయారవుతాయి. కార్డు పెట్టగానే కంప్యూటర్ ఫార్మాట్ చేయమంటారా అని అడిగితే ఎంత తొందరలో ఉన్నా వద్దనే చెప్పండి. ఫార్మాట్ అవసరమైతే, ఫోటోలు రెండు చోట్ల భద్రమయ్యాక, కెమెరాలోనే చేసుకోవాలి.

ప్రింట్ల దుకాణానికి కార్డు ఇవ్వవద్దు, కావలసినవి పెన్ డ్రైవ్‌లో వేసి ఇవ్వండి. అక్కడి కంప్యూటర్‌లో రోజుకు ఎందరి పెన్ డ్రైవ్‌లు పెడతారో లెక్కలేదు. ఫోల్డర్లను దాచేసి వాటి స్థానంలో షార్ట్‌కట్లు పెట్టే వైరస్ అక్కడినుంచే నా కార్డుకు ఒకసారి అంటుకుంది. ఇవ్వక తప్పకపోతే కార్డు అంచున ఉన్న చిన్న మీటను లాక్ వైపు జరపండి. నిజానికి ఆ మీట కార్డు లోపల దేనినీ ఆపదు, రీడర్ దానిని చూసి రాయడం మానుకోవాలి, మానుకోని రీడర్లూ ఉన్నాయి.

విశాఖ_అల:

పై ఇద్దరితో కొంచెం విభేదిస్తాను. సముద్రపు ఒడ్డున, ఇసుక గాలిలో కార్డు మూత తెరవడం కంటే గదిలోకి వచ్చాక కేబుల్ పెట్టుకోవడమే నయమని నా అనుభవం. కెమెరాను, ల్యాప్‌టాప్‌ను ఒకే బల్ల మీద పెట్టి, కేబుల్‌ను బల్ల మీదనే ఒక చుట్టు వదులుగా ఉంచితే లాగుడు పోర్టు దాకా వెళ్ళదు. అలాంటి పాత కెమెరాలు యూ.ఎస్.బి. ద్వారా చార్జ్ కావు కాబట్టి బ్యాటరీ నిండుగా ఉండాలి, కెమెరా దానంతట అది ఆగిపోయే ఏర్పాటును ఆ కాసేపు తీసివేయాలి. ఇంకొక మాట, ఏ.సి. గదిలోంచి ఉక్కపోతలోకి తెచ్చిన కెమెరాకు చెమ్మ పడుతుంది; అది ఆరేదాకా కేబుల్ కోసమైనా కార్డు కోసమైనా మూతలు తెరవకండి.

కోఠి_టంకం:

బాగున్న పోర్టు అయితే మీరన్నది సబబే. వీరి పోర్టు ఇప్పటికే వదులైంది కదా, అందుకే వద్దన్నాను.

గోదావరి_గట్టు:

అందరికీ ధన్యవాదాలు. వేరే కేబుల్ పెట్టినా తీరు మారలేదు, పోర్టులో నూగు కూడా లేదు. హైదరాబాదు వచ్చినప్పుడు దానికి టంకం వేయిస్తాను. ఈలోగా రీడర్ తెచ్చి, కార్డును నాన్నగారి చేతనే తీయించాను. ఒకసారి నొక్కగానే అదే పైకి రావడం చూసి, మూత మూసే ముందు ఆయనే ఇంకోసారి పెట్టి తీసి చూశారు.

ఒక్క చోట మాత్రం గుండె ఆగినంత పనైంది. కెమెరా తెర మీద 643 అని చూపిస్తుండగా, కంప్యూటర్‌లోకి వచ్చినవి 612 మాత్రమే. ఆ పోయినవన్నీ చెల్లికి గాజులు తొడుగుతున్నప్పటివి. కార్డును మళ్ళీ పెట్టి చూస్తే, డి.సి.ఐ.ఎమ్. అనే ఫోల్డర్‌లో 100తో మొదలయ్యే ఫోల్డర్ పక్కనే 101తో మొదలయ్యేది ఇంకొకటి ఉంది. ఫోటోల వరుస సంఖ్య 9999కి చేరి, మళ్ళీ 0001 నుంచి లెక్క మొదలుపెట్టేటప్పుడు కెమెరా కొత్త ఫోల్డర్ తెరిచిందట. నేను మొదటిది మాత్రమే కాపీ చేశాను. మిగిలిన 31 అందులోనే ఉన్నాయి. కట్ చేసి, ఆ వెంటనే ఫార్మాట్ కొట్టి ఉంటే గాజుల ఫోటోలు ఒక్కటీ మిగిలేవి కావు.