నైట్ డ్యూటీ దిగి పడుకుంటే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు... ఇంకెవరికైనా ఇలా అవుతోందా?

నాగావళి_గట్టు (రాయగడ)
అందరికీ నమస్తే. నాది ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. నైట్ దిగి పొద్దున్నే ఇంటికొచ్చి, ఇంత తిని పడుకుంటాను. కునుకు పట్టిందో లేదో మెలకువ వచ్చేస్తుంది. ఫ్యాను తిరగడం కనిపిస్తుంది, వంటింట్లో అమ్మ మిక్సీ వేస్తున్న చప్పుడు వినిపిస్తుంది, కానీ చిటికెన వేలు కూడా కదలదు. గొంతు పెగలదు. గుమ్మం దగ్గర ఎవరో నిలబడినట్టు, మెల్లగా వచ్చి ఛాతీ మీద కూర్చున్నట్టు ఉంటుంది. ఊపిరి ఆగిపోతుందేమో అనిపిస్తుంది. ఎవరైనా తాకితే ఒక్కసారిగా వదిలేస్తుంది. చూసుకుంటే బనియన్ చెమటతో తడిసి ముద్దయి ఉంటుంది.

గాలి సోకింది, భూతాలు వదిలించే గుణియా దగ్గరికి పోదాం అని అమ్మ ఒకటే పోరు. మా ఆవిడేమో గుండె డాక్టరుకి చూపించుకోమంటోంది. నాకు మాత్రం పడుకోవాలంటేనే టెన్షన్ పట్టుకుంది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
అన్నా, నాకు డిగ్రీ పరీక్షలప్పుడు హాస్టల్లో అయ్యేది. రాత్రంతా చదివి తెల్లారగట్ల వెల్లకిలా పడుకున్నానంటే ఖాయం. నా రూమ్మేటుకీ వచ్చేది. ఆ గదిలో పూర్వం ఎవరో పోయారని సీనియర్లు ఒక కథ అల్లారు. గది మార్చాం, అక్కడా వచ్చింది! పరీక్షలయ్యాక ఇంటికెళ్లి వేళకి పడుకుంటే పోయింది. దెయ్యానికి కూడా సెమిస్టర్ సెలవులుంటాయన్నమాట.

గంజాం_సిస్టర్ (బరంపురం)
నేను స్టాఫ్ నర్సుని. డాక్టర్ని కాను, కాబట్టి మందుల పేర్లు అడగొద్దు. జరిగేదేమిటో మాత్రం చెప్పగలను.

దీన్ని నిద్ర పక్షవాతం అంటారు. పేరు విని భయపడకండి, అసలు పక్షవాతానికీ దీనికీ చుట్టరికం లేదు. రాత్రి నిద్ర ఒకే తీరుగా ఉండదు. దాదాపు 90 నిమిషాలకొక చుట్టు తిరుగుతుంది. ప్రతి చుట్టులో చివర్న, మూసిన రెప్పల కింద కనుగుడ్లు వేగంగా కదిలే దశ ఒకటి వస్తుంది. చికాగోలో ఆసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1953లో దీని గురించి ప్రకటించారు. గట్టి కలలు ఎక్కువగా వచ్చేది ఈ దశలోనే. కలలో పరుగెడితే మంచం మీద కూడా పరుగెత్తకుండా, మెదడు కాండం నుంచి వెన్నుపాములోకి సంకేతాలు వెళ్లి కండరాలను వదులు చేసేస్తాయి. కళ్లను తిప్పే కండరాలు, ఊపిరి ఆడించే డయాఫ్రమ్ మాత్రం పనిచేస్తూనే ఉంటాయి.

కొన్నిసార్లు కండరాలు మళ్లీ మన మాట వినకముందే తెలివి వచ్చేస్తుంది. కల కూడా పూర్తిగా ఆరదు. కళ్ల ముందు మీ గదే ఉంటుంది, అందులోకి కలలోని మనిషి నడిచి వస్తాడు. ఛాతీ బరువు సంగతికొస్తే, ఆ సమయంలో పక్కటెముకల మధ్య కండరాలు వదులుగా ఉంటాయి, గట్టిగా ఊపిరి తీద్దామంటే మాట వినవు. మెదడేమో ప్రమాదం, ప్రమాదం అని గోల పెడుతుంది. ఎవరో నొక్కుతున్నట్టు అనిపించదూ మరి? నిజానికి డయాఫ్రమ్ తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. ఊపిరి ఆగిపోదు. కొన్ని సెకన్ల నుంచి కొద్ది నిమిషాల్లో దానంతటదే వదిలేస్తుంది.

నైట్ డ్యూటీ వాళ్లకి ఎందుకంటే, ఒంట్లోని గడియారం ప్రకారం ఆ కలల దశ జోరు మీద ఉండేది తెల్లవారుజామున, పొద్దున. మీరు సరిగ్గా ఆ వేళకే పడుకుంటున్నారు. పైగా నిద్ర బాకీ. దాంతో ఒళ్లు తిన్నగా కలల్లోకే దూకుతుంది.

కొరాపుట్_కాఫీ
సిస్టర్, సైన్స్ బాగానే ఉంది. మరి అందరికీ అదే ఆకారం, అదే గుండెల మీద కూర్చోవడం ఎందుకు? నాకు కనిపించింది నల్లటి మనిషి. మా తాతకీ అదే.

గంజాం_సిస్టర్
ఒళ్లు అందరిదీ ఒకటే కాబట్టి బరువు, భయం, గుమ్మంలో ఉనికి అందరికీ వస్తాయి. దానికి ముఖం తొడిగేది మన ఊరు. కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ దీవి వాళ్లకి ముసలమ్మ వచ్చి కూర్చుంటుంది, ఈజిప్టులో చాలామందికి జిన్ను. మీ తాత చెప్పిన కథ మీరు చిన్నప్పుడే విన్నారు కదా! పాత అధ్యయనాలన్నీ కలిపి 2011లో ఒక లెక్క తీశారు. జీవితంలో ఒక్కసారైనా ఇది వచ్చినవాళ్లు మామూలు జనంలో నూటికి ఏడెనిమిది మంది, విద్యార్థుల్లో 28 మంది. పర్లాకిమిడి హాస్టల్ దెయ్యం జాడ అక్కడ దొరుకుతుంది.

సవర_కొండ_మాస్టారు (గజపతి జిల్లా)
నేను కొండ మీద బడిలో పనిచేసి రిటైరయ్యాను. గుణియా మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను.

మా వైపు సవర గిరిజనుల ఇళ్లలో కలంటే ఉత్త కల కాదు. చనిపోయినవాళ్లో, దేవుడో వచ్చి ఏదో అడిగినట్టు. ఇంట్లో జబ్బు చేసినా, చెడ్డ కల వచ్చినా పూజారిని పిలుస్తారు. ఎవరొచ్చారు, ఏం కావాలన్నారు అని ఆయన తేల్చాక గోడ మీద బొమ్మ వేయిస్తారు. వాళ్లు ఇడితాల్ అంటారు. ఎర్రమట్టి అలికిన గోడ, నానబెట్టి నూరిన బియ్యప్పిండి, నమిలి కుంచెలా చేసిన వెదురు పుల్ల. మనుషులు, గుర్రాలు, ఏనుగులు, సూర్యుడు, చంద్రుడు, ఈ మధ్య సైకిలు, విమానం కూడా. బొమ్మ సగమయ్యాక ఇంటాయన్ని కూర్చోబెట్టి, నీ కలలో ఉన్నది ఇదేనా, ఇంకేమైనా ఉందా అని అడగడం నేను చూశాను. ఆయన ఆలోచించి, గొడుగు పట్టుకున్నవాడు ఒకడున్నాడు అన్నాడు. వెంటనే గొడుగు వేశారు. భయాన్ని గోడ మీదికి దింపి, ఇంటిల్లిపాదీ దాని ముందు కూర్చోవడం. ఆ రాత్రి ఆయన హాయిగా నిద్రపోయి ఉంటాడనే నా నమ్మకం. గిరిజనుల జీవితం మీద పరిశోధించిన వెరియర్ ఎల్విన్ 1950ల్లోనే ఈ బొమ్మల గురించీ కలల గురించీ చాలా రాశాడు.

ఇక రెండో సంగతి. కలలో వచ్చింది ఫలానా ఇంటామె అని పేరు చెప్పే గుణియాలూ ఉన్నారు. అక్కడితో ఆగదు, ఆ ఆడమనిషి మీదికి ఊరంతా పోతుంది. ఒడిశాలో 2013లో దీని మీద ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది. కాబట్టి తమ్ముడూ, అమ్మ మనశ్శాంతి కోసం వెళ్లినా, కొబ్బరికాయతో, విభూతితో సరిపెట్టండి. ఎవరి పేరైనా చెప్పబోతే లేచి వచ్చేయండి. వాతలు పెడతానన్నా అంతే.

నాగావళి_గట్టు
మంచి మాట చెప్పారు మాస్టారూ. నిజం చెప్పాలంటే అమ్మ ఇప్పటికే మా వీధిలో ఒకావిడ మీద అనుమానంగా మాట్లాడుతోంది. దాన్ని మాత్రం మొదట్లోనే తుంచేస్తాను.

గుణుపురం_అత్తమ్మ
తల కింద చీపురు, మంచం కింద కత్తిపీట పెట్టండి బాబూ. పడుకునేముందు ‘రామం స్కందం హనూమంతం వైనతేయం వృకోదరం’ చదువుకోండి. మా ఇంట్లో పిల్లలందరికీ అదే నేర్పాను. సైన్సు సైన్సే, ఇది ఇదే.

గంజాం_సిస్టర్
శ్లోకం తప్పకుండా చదవండి అత్తమ్మా. రోజూ అదే వేళకి ఫోను పక్కన పడేసి, నాలుగు నిమిషాలు నెమ్మదిగా ఊపిరి తీస్తూ చదివితే నిద్రకి మంచిదే. కత్తిపీట మాత్రం వద్దు, రాత్రి లేచినప్పుడు కాలు తెగుతుంది.

మహేంద్రతనయ
కలల ఫలితాల గురించి కూడా అడగనా? తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందంటారు. నాకు పళ్లు ఊడిపోయినట్టు కల వస్తే అమ్మమ్మ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు, ఇంట్లో ఎవరికో ఏదో అవుతుందని. ఏమీ కాలేదు. వెబ్‌సైట్లు చూస్తే పాము కనిపిస్తే డబ్బు అని ఒకచోట, శత్రువు అని ఇంకోచోట.

వంశధార_వైద్యం
మా ఇంట్లో ఆయుర్వేదం చదువు ఉంది కాబట్టి ఈ మాట. చరక సంహిత ఇంద్రియస్థానంలో కలలు ఏడు రకాలని ఉంది. చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి, జరగబోయేదాన్ని చెప్పేవి, వాతపిత్తకఫాల దోషం వల్ల వచ్చేవి. వీటిలో మొదటి అయిదింటికీ ఫలితం లేదని చరకుడే తేల్చేశాడు. పగటి నిద్రలో వచ్చినవాటికీ, మరీ చిన్నవాటికీ, మరీ పొడుగువాటికీ కూడా లేదు. చెడ్డ కల తర్వాత మంచి కల వస్తే మంచే జరుగుతుందన్నాడు. పళ్ల కల చూసి అన్నం మానేసే అమ్మమ్మలకి ఇది చదివి వినిపించండి. అన్ని కలలకీ అర్థం ఉందన్నది శాస్త్రం మాట కాదు, క్యాలెండర్ల వెనక అచ్చేసేవాళ్ల మాట.

గంజాం_సిస్టర్
తెల్లవారుజాము కలకి నా వైపు నుంచి ఒక చేర్పు. రాత్రి గడిచేకొద్దీ కలల దశ పొడుగవుతుంది, తెల్లారేముందు మరీ ఎక్కువ. అందులోంచి నేరుగా లేస్తాం కాబట్టి ఆ కల గుర్తుంటుంది. అర్ధరాత్రివి చాలావరకు మరిచిపోతాం. గుర్తున్న కలల్లోనే ఏదో ఒకటి నిజమవుతుంది కదా, పేరంతా తెల్లవారుజాముకి పోయింది. ఇంకొకటి, ఉన్నట్టుండి పీడకలలు ఎక్కువైతే కలల పుస్తకం తీసేముందు కొత్తగా ఏ మాత్ర మొదలుపెట్టారో చూసుకోండి. బీపీకీ గుండె దడకీ వాడే కొన్ని బీటా బ్లాకర్లు, మలేరియాకి వాడే క్లోరోక్విన్ కొంతమందికి అలాంటి కలలు తెప్పిస్తాయి. మాత్ర మీరే ఆపేయకుండా రాసిచ్చిన డాక్టరుకి చెప్పండి.

జయపురం_పెద్దబ్బాయి
మా నాన్న సంగతి దీనికి తలకిందులు. డెబ్బై దగ్గరపడ్డాయి. ఎలుగుబంటి తరుముతోందని కల వచ్చి నిద్రలోనే పిడిగుద్దులు గుద్దుతారు, తన్నుతారు. మొన్న అమ్మ చెంప వాచిపోయింది. లేపితే కల మొత్తం పూసగుచ్చినట్టు చెబుతారు. మళ్లీ నవ్వుతారు. పట్టించుకోవాలా?

గంజాం_సిస్టర్
పట్టించుకోవాలి, ఆలస్యం చేయొద్దు. ఇక్కడ కలల దశలో వదులు కావాల్సిన కండరాలు వదులు కావడం లేదు. కలలో చేసేది ఒళ్లు కూడా చేసేస్తోంది. దీన్ని ఒక జబ్బుగా అమెరికాలో మినెసోటా డాక్టర్లు 1986లో వర్ణించారు. యాభై దాటిన మగవాళ్లలో ఎక్కువ. ఇలా ఉన్నవాళ్లలో చాలామందికి కొన్నేళ్ల తర్వాత పార్కిన్సన్స్ లాంటి మెదడు జబ్బులు రావచ్చు, అందుకే న్యూరాలజిస్టు (నరాల డాక్టరు) చూడాలి. విశాఖ వెళ్లేలోపు ఇంట్లో చేయాల్సినవి: అమ్మని వేరే మంచం మీద పడుకోబెట్టండి, నాన్న మంచం పక్కన స్టూలు, గాజు సీసా లాంటివి తీసేయండి. వీలైతే ఫోనులో వీడియో తీయండి. డాక్టరుకి మీ వర్ణనకన్నా అదే పనికొస్తుంది. నిద్రలో వచ్చే ఫిట్స్ కూడా పైకి ఇలాగే కనిపించవచ్చు.

ఘాట్‌రోడ్డు_లారీ
నాకు గురక. పగలు స్టీరింగ్ మీదే కళ్లు మూతలు పడతాయి. ఇదీ నిద్ర జబ్బేనా?

గంజాం_సిస్టర్
గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉక్కిరిబిక్కిరై మళ్లీ అందుకుంటున్నట్టు ఇంట్లోవాళ్లు చెబితే స్లీప్ ఆప్నియా కావచ్చు. ముందు పరీక్ష చేయించుకోండి, ఘాట్ తర్వాత. ఒక రాత్రి స్లీప్ స్టడీ చేస్తారు. గాలి ఒత్తిడితో గొంతు తెరిచి ఉంచే సీప్యాప్ మిషను 1981 నుంచీ ఉంది. నిద్రమాత్ర, మద్యం రెండూ దీన్ని ఇంకా పాడుచేస్తాయి.

నాగావళి_గట్టు
పక్కకి తిరిగి పడుకోవడం మొదలుపెట్టాను. కిటికీకి మందపాటి దుప్పటి కట్టాను. నైట్ చివర్లో తాగే టీ మానేశాను. కొంచెం తగ్గింది, పూర్తిగా పోలేదు. వచ్చినప్పుడు ఏం చేయాలి? మెడికల్ షాపు అబ్బాయి నిద్రమాత్ర ఇస్తానన్నాడు.

గంజాం_సిస్టర్
షాపు మాత్ర వద్దు, అలవాటైపోతుంది. అది వచ్చినప్పుడు మొత్తం ఒళ్లు కదపాలని పెనుగులాడకండి, భయం పెరుగుతుంది. ఒక్క కాలి బొటనవేలు మీదే మనసు పెట్టి ఆడించడానికి చూడండి. మీ ఆవిడకి ముందే చెప్పి ఉంచండి, మూలుగు వినిపిస్తే భుజం తట్టమని. గుండె పరీక్ష చేయించుకుంటే తప్పేం లేదు, ఆవిడ బెంగ తీరుతుంది. పగలు ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చినా, గట్టిగా నవ్వితే మోకాళ్లు సడలిపోయినా మాత్రం అది నార్కోలెప్సీ అనే నిద్ర జబ్బు కావచ్చు, న్యూరాలజిస్టుకి చెప్పి తీరాలి. పడుకోవాలంటేనే భయంగా ఉందన్నారు కదా, దాని గురించి మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ఉచితం, రాత్రైనా పగలైనా ఎత్తుతారు, తెలుగు ఎంచుకోవచ్చు.

గుణుపురం_అత్తమ్మ
ఆ నంబరు పెద్ద అక్షరాల్లో ఇంకోసారి పెట్టమ్మా. మా కోడలికి కాన్పయ్యాక నిద్రే పట్టడం లేదు.

గంజాం_సిస్టర్
14416. ఇవాళే చేయించండి అత్తమ్మా. రాత్రి బిడ్డని మీ దగ్గర పడుకోబెట్టుకుని, పాలకి మాత్రమే లేపండి. బిడ్డ నిద్రపోతున్నా తనకి నిద్ర పట్టకపోవడం, ఏడుపు, ఏవేవో మాటలు ఉంటే ఫోనుతో ఆగకుండా ఆసుపత్రికే తీసుకెళ్లండి.