పుట్టను కదిలించకుండా మామిడి అంట్లను చెదల నుంచి కాపాడేదెలా?

మాది ఎకరం మెట్ట. గట్టు మీద వేపచెట్టు మొదట్లో పెద్ద పుట్ట ఉంది. దీపావళి వెళ్లాక కార్తిక శుద్ధ చవితినాడు ఇంటిల్లిపాదీ అక్కడే పాలు పోసి, చలిమిడి, చిమ్మిలి నైవేద్యం పెడతాం. అమ్మ చిటికెడు పుట్టమన్ను తడిపి మా చెవులకు పెడుతుంది. మా చేనుకు నాగేంద్రుడే కాపలా అని మా నమ్మకం.

నిరుడు తొలకరికి ఆ పక్కనే బంగినపల్లి అంట్లు నాటాం. వానలు వెనకబట్టగానే చెదలు పట్టాయి. కాండం మీది మట్టిపొరను గోటితో గీరితే లోపల బెరడంతా తినేసి ఉంది. పుట్టను తవ్వి రాణిపురుగును తీసేయమని కొందరు, క్లోరిపైరిఫాస్ పురుగుమందు పోయమని కొందరు అంటున్నారు. పూజ చేసే చోట విషం పోయడానికి మనసొప్పదు. పైగా పాములు తిరగబట్టే చేలో ఎలుకలు అదుపులో ఉంటున్నాయి.

గుంతలో వేపపిండి, మొదలుకు బోర్డో పూత (మైలుతుత్తం, సున్నం కలిపింది) సరిపోతాయా? మొక్కకు ఎంత వేపపిండి వేయాలి, ఎన్నాళ్లకోసారి? పాదుల్లో ఎండుటాకులు పరిస్తే చెదలు ఇంకా పెరుగుతాయా? పుట్టకు ఎంత ఎడం వదలాలి? ఇలాంటి పుట్ట ఉన్న నేలలో తోట పెంచినవారు దయచేసి చెప్పండి. మృగశిర కార్తెలోగా కొత్త అంట్లకు గుంతలు తీయించాలి.