‘బాబుష్క’ను తెలుగులో ఏమనాలి?

రష్యన్ కథలను అనువదించేటప్పుడు ‘బాబుష్క’ అన్న మాటను అలాగే ఉంచాలా, ‘అమ్మమ్మ’ అని మార్చాలా అన్న ప్రశ్నకు నా సమాధానం: ఏ ఒక్కటీ అన్నిచోట్లా కుదరదు. రష్యన్‌లో తల్లిని కన్నావిడా, తండ్రిని కన్నావిడా ఇద్దరూ బాబుష్కలే. దారిన పోయే ముసలావిడను పిలిచినా అదే మాట. మనకేమో వరుస తేలనిదే కలం కదలదు. గోర్కీ ‘బాల్యం’లో పిల్లవాణ్ణి సాకినావిడ తల్లి తల్లే కనుక ‘అమ్మమ్మ’ అనడానికి అక్కడ సందేహం లేదు. బస్సులో ఎదురైన పరాయి ముసలావిడ మాత్రం ‘అవ్వ’ లేదా ‘మామ్మగారు’ కావాలి. మూలపదాన్నే ఉంచితే పాఠకుడికి మనిషి కనబడదు, తలగుడ్డ కట్టిన చెక్కబొమ్మ కనబడుతుంది. నిజానికి ఆ బొమ్మ పేరు మత్ర్యోష్క.

అసలు చిక్కు ప్రత్యయాల దగ్గర వస్తుంది. ‘బాబ’ అంటే మోటుగా ఆడమనిషి. దానికి ‘ఉష్క’ చేరితే ముద్దు, ‘క’ ఒక్కటే చేరి ‘బాబ్క’ అయితే మన ‘ముసల్ది’లాంటి ఈసడింపు. ‘బాబ్కి’ అన్న బహువచనానికి వాడుకలో డబ్బు అన్న అర్థం కూడా ఉంది. ఇద్దరు మగవాళ్లు ముసలమ్మల వేషం కట్టి నవ్వించే ‘నోవియె రూస్కియె బాబ్కి’ అన్న టీవీ జంట పేరులో ముసలమ్మలూ, డబ్బూ, 1990ల్లో కొత్తగా డబ్బు చేసినందుకు ‘కొత్త రష్యన్లు’ అనిపించుకున్నవారూ ఒకేసారి పలుకుతారు. దీన్ని తెలుగులోకి తేవడం నా వల్ల కాలేదు.

ముద్దు మాటకూ దాని ఇబ్బంది దానికుంది. 2012లో బాకూలో జరిగిన యూరోవిజన్ పాటల పోటీ వేదిక మీద పొయ్యిలోంచి పళ్లెం తీసి చూపిన, రష్యాలోని బురానొవొ గ్రామపు అవ్వలు రెండో స్థానం తెచ్చుకున్నారు. వారు పాడింది ఎక్కువగా రష్యన్ కాని తమ సొంత భాష ఉద్‌ముర్తులో. లోకానికి మిగిలింది మాత్రం ‘బాబుష్కీ’ అన్న రష్యన్ పేరే.

బక్కపలచని ముసలావిడను రష్యన్లు ‘దేవుడి అదువాన్చిక్’ అంటారు. అది ముదిరాక తెల్లని దూదిబంతిలా మారి, ఊదితే ఎగిరిపోయే పసుపు పువ్వు. జాలి ఉన్నచోట ‘పండుటాకు’ సరిపోతుంది. కానీ ఈ మాటను తరచు వెటకారంగా, అపార్ట్‌మెంట్ గుమ్మం ముందు బెంచీ మీద కూర్చుని వచ్చేపోయేవారి గుట్టు విప్పే ముసలమ్మల మీద కూడా వాడతారు. అలాంటిచోట నేను ‘పాపం, నోట్లో నాలుక లేని ముసలమ్మ’ అని రాస్తాను.