అలాస్కా క్రూయిజ్‌లో కెచికన్ వద్ద స్కూబా డైవింగ్: వెచ్చని నీటి అనుభవం సరిపోతుందా?

ప్రశ్న (సియాటిల్ పక్కనున్న బెల్వ్యూ నివాసి)

అందరికీ నమస్కారం. రానున్న జూలైలో సియాటిల్ నుండి బయలుదేరే అలాస్కా క్రూయిజ్‌లో నేను, నా భార్య, హైదరాబాద్ నుండి వస్తున్న మా అత్తగారు, మామగారు ప్రయాణం చేయబోతున్నాము. ఓడ జూనో, స్కాగ్‌వే రేవులను చూపించి, తిరుగు దారిలో కెచికన్‌లో ఒక పూట నిలిచి, మరునాటి సాయంత్రం కెనడాలోని విక్టోరియాను తాకి సియాటిల్ చేరుతుంది. మా దంపతులిద్దరికీ అండమాన్‌లోని హావ్‌లాక్‌లో పొందిన ఓపెన్ వాటర్ అనే మొదటి స్థాయి డైవింగ్ సర్టిఫికెట్ ఉన్నది. అయితే మేము డైవ్ చేసినదంతా 28 డిగ్రీల నీటిలో, పలుచని సూట్‌తో మాత్రమే.

కెచికన్‌లో ఉదయం డైవ్ చేసి, మధ్యాహ్నం పెద్దవారితో కలిసి మిస్టీ ఫియోర్డ్స్ (కొండల నడుమ సముద్రం చొచ్చుకువచ్చిన లోయలు) చూపించే సీప్లేన్, అనగా నీటిపై దిగే విమానం, ఎక్కాలన్నది మా ఆలోచన. ఇది సాధ్యమేనా? ఎటువంటి సూట్ అవసరం? అంత చలిని భరించి దిగితే చూడదగినది ఏమైనా ఉంటుందా? అనుభవజ్ఞులు తెలుపగలరు.

సమాధానం (ప్యూజెట్ తీరం)

ముందుగా సూట్ సంగతి. జూలైలో కెచికన్ సముద్రపు పైపొర సుమారు 12, 13 డిగ్రీలు ఉండవచ్చు గాని, లోతుకు దిగేకొద్దీ అది పది డిగ్రీల కంటే తగ్గుతుంది. నీరు మన ఒంటి వేడిని గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా లాగివేస్తుంది కనుక, ఒడ్డున నిలబడి చేతితో తాకి చూసి వేసుకున్న అంచనా అరగంట తరువాత పనికిరాదు. ఏడు మిల్లీమీటర్ల వెట్‌సూట్, తలకు హుడ్, చేతులకు మందపాటి గ్లోవ్స్ అనేవి కనీస అవసరాలు. ఆ వెట్‌సూట్‌లోనూ ఒక మెలిక ఉన్నది. ఆ సూట్‌ను తయారుచేసే నియోప్రీన్ రబ్బరులోని చిన్న గాలి బుడగలే మనకు వెచ్చదనాన్ని, తేలికను ఇస్తాయి. పది మీటర్ల లోతున పీడనం రెట్టింపు కాగానే ఆ బుడగలు నలిగిపోతాయి. అంటే చలి ఎక్కువైన చోటనే సూట్ పలుచబడుతుంది. పైన తేలకుండా ఉండడానికి కట్టుకున్న అదనపు సీసపు బరువులు కూడా అక్కడే మిమ్మల్ని కిందికి లాగడం మొదలుపెడతాయి.

ఈ కారణం చేతనే ఇక్కడివారు ఎక్కువగా నీటిని లోపలికి రానివ్వని డ్రైసూట్ వాడతారు. అయితే దానిని కొత్తవారు అద్దెకు తీసుకొని, ఓడ ఆగిన పూటలోనే అలవాటు చేసుకోవచ్చునని అనుకోవడం పొరపాటు. దిగేటప్పుడు సూట్ లోపలికి గాలి నింపాలి. పైకి వచ్చేటప్పుడు వ్యాకోచించే ఆ గాలిని భుజం దగ్గరి వాల్వ్ ద్వారా వదులుతూ ఉండాలి. ఆ గాలి పాదాల వైపు చేరితే మనిషి తలకిందులై, ఆపుకోలేని వేగంతో పైకి తేలిపోయే ప్రమాదం ఉన్నది. దీనికి ప్రత్యేక శిక్షణ ఉన్నది, అది ముందే పూర్తి చేయాలి.

సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ విషయాన్ని చాలామంది మరచిపోతారు. సిలిండర్‌లోని గాలి అధిక పీడనం నుండి ఒక్కసారిగా వ్యాకోచించినప్పుడు బాగా చల్లబడుతుంది. చల్లని నీటిలో ఆ భాగం గడ్డకట్టి తెరుచుకొనే ఉండిపోతే, గాలి ఆగకుండా బయటికి పోతుంది. ఐరోపా ప్రమాణమైన ఈఎన్ 250 పది డిగ్రీల కంటే చల్లని నీటికి వేరుగా పరీక్ష పెట్టింది అందుకే. అండమాన్‌లో కొన్న సొంత రెగ్యులేటర్‌ను తెచ్చుకోవాలని అనుకుంటుంటే, అది ఆ పరీక్షకు నిలిచినదో కాదో చూసుకోండి.

సమాధానం (విశాఖ వైద్యుడు)

ఆ సీప్లేన్ ఆలోచనను దయచేసి విరమించుకోండి. డైవ్ సమయంలో రక్తంలోనూ కణజాలంలోనూ కరిగిన నైట్రోజన్ పూర్తిగా బయటికి పోకముందే ఎత్తుకు వెళితే, తగ్గిన పీడనం వలన అది బుడగలుగా మారవచ్చు. డైవర్ల భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థ సూచన ప్రకారం, ఆగుతూ పైకి రావలసిన అవసరం లేని ఒక్క డైవ్ తరువాత కనీసం 12 గంటలు, వరుస డైవ్‌ల తరువాత కనీసం 18 గంటలు విమానం ఎక్కరాదు. ఈ సూచన 2,000 అడుగుల నుండి 8,000 అడుగుల వరకు ఉన్న ఎత్తులను ఉద్దేశించినది. స్కాగ్‌వే నుండి రైలులో వెళ్లే వైట్ పాస్ శిఖరం కూడా 2,865 అడుగుల ఎత్తున ఉన్నది. మీరు స్కాగ్‌వేను ముందే చూస్తారు కనుక ఆ చిక్కు లేదు. వాతావరణం వలన ఓడ రేవుల క్రమాన్ని మార్చితే మాత్రం మళ్లీ లెక్క చూసుకోవాలి.

మరొక మాట. చలిలో వణుకుతూ ఓడకు తిరిగి రాగానే డెక్‌పై ఉన్న వేడి నీటి తొట్టిలోకి దూకాలని ఎవరికైనా అనిపిస్తుంది. చర్మం కింద మిగిలిన వాయువు వేడికి త్వరగా బుడగలు కట్టే అవకాశం ఉన్నందున, ముందు పొడి బట్టలు, వేడి టీ మేలు. ప్రయాణ బీమా పత్రాన్ని కూడా చదవండి. స్కూబాను మినహాయించే పాలసీలు తక్కువేమీ కాదు.

సమాధానం (కాకినాడ కెరటం)

చూడదగినది ఉన్నదా అని అడిగారు. తప్పక ఉన్నది, కాని పగడపు దిబ్బల రంగులను ఊహించుకొని దిగితే నిరాశ తప్పదు. ఇక్కడ రాతి గోడలపై తెల్లని, నారింజ రంగు సీ ఆనిమోన్లు (పువ్వుల వంటి సముద్ర జీవులు), పొడవాటి కెల్ప్ నాచు, రాళ్ల సందుల్లో ఉల్ఫ్ ఈల్ అనే పొడవాటి చేప, అదృష్టం ఉంటే పసిఫిక్ మహా ఆక్టోపస్ కనిపిస్తాయి. అయితే జూలైలో ప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మజీవులు) పెరిగి పైపొర పచ్చగా మసకబారుతుంది. నీరు తేటపడేది శీతాకాలంలో, అప్పుడు క్రూయిజ్‌లు ఉండవు. ఆటుపోట్లు పెద్దవైన రోజుల్లో అక్కడి నీటి మట్టం ఆరు మీటర్ల దాకా మారుతుంది గనుక, ప్రవాహం నిలకడగా ఉండే కొద్దిసేపటిలోనే డైవ్ ముగించాలి. ఆ సమయం ఓడ నిలిచే గంటలతో కలవకపోవచ్చు.

అందువలన నా అభిప్రాయం వేరు. మీరు నివసించేదే ఈ చల్లని నీటి ఒడ్డున. వెస్ట్ సియాటిల్‌లోని సీక్రెస్ట్ పార్క్‌లోనూ, సియాటిల్‌కు ఉత్తరాన ఉన్న ఎడ్మండ్స్ అండర్‌వాటర్ పార్క్‌లోనూ ఒడ్డు నుండే దిగవచ్చు. 2012లో సీక్రెస్ట్ దగ్గర ఒక యువకుడు ఆక్టోపస్‌ను పట్టి తీసుకుపోగా డైవర్లు పెద్ద ఆందోళన చేశారు. చట్టప్రకారం అది తప్పు కాకపోయినా, 2013లో వాషింగ్టన్ రాష్ట్రం ఆ చోటుతో కలిపి ఏడు చోట్ల వాటి వేటను నిషేధించింది. విక్టోరియాలోనూ క్రూయిజ్ రేవు పక్కనే ఆగ్డెన్ పాయింట్ అడ్డుగోడ మంచి డైవ్ స్థలం. మీ ఓడ చేరేది సాయంత్రం కనుక, దానికి మరొక వారాంతంలో ఫెర్రీపై వెళ్లడం ఉత్తమం. క్రూయిజ్ పూటను పెద్దవారికి వదిలివేయండి.

ప్రశ్నించినవారు

అందరికీ కృతజ్ఞతలు. మా మామగారికి సీప్లేన్ మీద చాలా మక్కువ, మాకేమో కెచికన్ నీటి మీద. విమానం ముందు, డైవ్ తరువాత అయితే ఎలా ఉంటుంది?

సమాధానం (ప్యూజెట్ తీరం)

నైట్రోజన్ లెక్కలో ఆ క్రమానికి అభ్యంతరం లేదు, అభ్యంతరమంతా గడియారంతోనే. మబ్బు దిగితే సీప్లేన్లు ఆలస్యమవుతాయి, కెచికన్‌లో వాన మామూలే. సొంతంగా ఏర్పాటు చేసుకున్న డైవ్ ఆలస్యమైతే ఓడ మీ కోసం ఆగదు. అలాస్కా సమయం సియాటిల్ కంటే ఒక గంట వెనుక. ఫోన్‌లోని సమయాన్ని కాక ఓడ గడియారాన్నే నమ్మండి. పెద్దవారిద్దరినీ సీప్లేన్ ఎక్కించి, మీరిద్దరూ ఆ వేళకే డైవ్‌కు వెళ్లడం అన్నిటికంటే సులువు. ఈ మే నెలలోనే డ్రైసూట్ శిక్షణ తీసుకొని, ఎడ్మండ్స్‌లో నీటికి అలవాటు పడండి. కెచికన్‌లో డైవ్‌కు తీసుకువెళ్లేవారిని ఇప్పుడే సంప్రదించి, ఆ తేదీన ప్రవాహం ఎన్ని గంటలకు నిలకడగా ఉంటుందో అడగండి. ఆ సమయానికి, ఓడ ఎక్కవలసిన సమయానికి మధ్య కనీసం రెండు గంటలు మిగలకపోతే డబ్బు కట్టవద్దు.